ఏసుమణి పదిగంటల పూలు

మా అమ్మాయి స్తుతి పెళ్ళికి ముహూర్తం పెట్టింది పంచాంగం కాదు, ఏసుమణి ఇంటి గోడకు వేలాడే రంగు డబ్బాలు. మేము క్రైస్తవులం, ముహూర్తాలు చూడం. నేను పాస్టరు భార్యను కాబట్టి అసలే చూడకూడదు. అయినా మే నెలలో, నలభై రెండు డిగ్రీల ఎండల్లో, మగపెళ్ళివారు పొద్దున ఎనిమిదికే ఆరాధన ముగించేద్దామని బతిమాలుతుంటే, కుదరదు, పదిన్నరకే అని పట్టుబట్టింది నేనే. ఎందుకంటే పదిగంటల పూలు పది దాటితే గానీ విచ్చుకోవు. ఆ మాట ఫోనులో వియ్యపురాలికి చెప్పినప్పుడు ఇంకోసారి చెప్పమంది. లైను బాగాలేదనుకున్నాను. లైను బాగానే ఉందట, నమ్మలేక అడిగిందట.

ఏసుమణి గురించి చెప్పాలంటే ఆ పూల గురించి చెప్పాలి. పూల గురించి చెప్పాలంటే ముందు సుగ్గి గురించి చెప్పాలి. సుగ్గి అంటే మా పత్తికొండ, కోసిగి వైపు కూలికి వలస పోవడం. వాన మోసం చేసిన ఏడూ పోతారు, చేయని ఏడూ పోతారు. క్రిస్మస్ పండగ కాగానే లారీ వస్తుంది, సగం ఊరు దాంట్లో ఎక్కి గుంటూరు మిరప చేలకు పోతుంది. మళ్ళీ ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారానికి ఎండిపోయిన మొహాలతో దిగుతుంది. ఏసుమణి కోసిగిలో పుట్టి, పత్తికొండ పక్కనున్న మా పల్లెకు కోడలై వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఇరవై రెండేళ్ళలో ఒక్క సుగ్గి కూడా తప్పలేదు.

ఇంటికి తాళం వేసి మూడు నెలలు పోయే మనిషికి పూలచెట్ల పిచ్చి ఎందుకుండాలి? ఉంది. ఎవరేం చేస్తారు? మొదట్లో గులాబీ పెట్టింది, మల్లె పెట్టింది, చామంతి పెట్టింది. లారీ ఎక్కేముందు వాటికి నీళ్ళు పోయమని నాకు అప్పజెప్పి పోయేది. నేను పోశాననే చెప్పేదాన్ని. ఎంత పోశానో దేవుడికి తెలుసు, ఆ గులాబీకి తెలుసు. ప్రతి ఏడూ ఆమె తిరిగొచ్చేసరికి పుల్లలు మిగిలేవి. నేను ఎండను తిట్టేదాన్ని, ఆమె నా మొహం చూసేది.

"నువ్వు పోయకపోయినా బతికేటివి తెచ్చుకుంటా లే అమ్మగారూ" అంది ఒకసారి, చాలా నెమ్మదిగా. అది దెప్పడం కాదంటే, దెప్పడం అంటే ఏమిటో నాకు తెలియదు.

అట్లా తెచ్చుకున్నవే ఈ పూలు. పట్నంలో టేబుల్ రోజా అంటారు, కొందరు నాచుపూలంటారు. మాకు మాత్రం పదిగంటల పూలే. ఆకులు సన్నగా, గుండ్రంగా, నీళ్ళు దాచుకుని ఉబ్బి ఉంటాయి. మనం పప్పులో వేసుకునే గంగపాయల కూరకు దగ్గరి చుట్టం. ఏసుమణి మొగుడు ఏసన్న రెండుసార్లు పప్పులోకని తుంచబోయి చీవాట్లు తిన్నాడు. డబ్బాలో పెడితే ఈ చెట్టు పైకి పెరగదు. అంచు దాటి కిందికి జారుతుంది, మూరెడు, రెండు మూరలు. పొద్దున పదికి ఎరుపు, పసుపు, తెలుపు, రాణీరంగు అన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి, రెండింటికల్లా ముడుచుకుంటాయి. మూడు నెలలు నీళ్ళు లేకపోతే ఎండి దారప్పోగులయిపోతాయి గానీ మట్టిలో విత్తనం ఉండనే ఉంటుంది. ఆమె మట్టల ఆదివారం నాడు లారీ దిగి, మూట కింద పెట్టకముందే నాలుగు చెంబుల నీళ్ళు చల్లితే పదిరోజుల్లో మళ్ళీ పచ్చబడతాయి. నా సోమరితనం ఏరి పెట్టిన తోట అది. అందులో నాకూ కొంత భాగం ఉందని నేను అనుకుంటాను, ఆమె ఒప్పుకోదు.

రంగులన్నీ కొట్టేసినవే. ఎర్రది గుంటూరు ఆసామి ప్రహరీ గోడది, పసుపుది ఆదోని బస్టాండు దగ్గర ఒక హోటలు ముందుది, తెల్లది ఏదో రైల్వే క్వార్టర్సుది. రెండంగుళాల కొమ్మ తుంచి, తడిగుడ్డలో చుట్టి, చీర కుచ్చిళ్ళలో దోపుకుని వస్తుంది. అడిగి తెచ్చిన కొమ్మ అలుగుతుందట, అడక్కుండా తెచ్చింది అల్లుకుంటుందట. దొంగిలకూడదు అనే ఎనిమిదో ఆజ్ఞ గుర్తుందా అని ఒకనాడు గట్టిగానే అడిగాను.

"దేవుడు పూలకొమ్మ తుంచొద్దని యాడ చెప్పినాడు అమ్మగారూ? పక్కింటోల్ల ఎద్దును, గాడిదను ఆశించొద్దన్నాడు. నేను గాడిదనేం తేలేదు గదా" అంది.

పక్కన కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకుంటున్న మా ఆయన శామ్ గారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. నవ్వును అట్లా దాచుకోవడం ఆయనకు అలవాటు.

ఆ ఇంటి ముందు చెట్టు లేదు, పందిరి లేదు. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా ఎండే. ఆ ఎండలో పిట్టగోడ మీద నుంచి, గోడకు దిగ్గొట్టిన చువ్వల నుంచి వేలాడే సామాను చూడాలి మీరు. రంగు డబ్బాలు, చీలిన ప్లాస్టిక్ బిందెలు, సగానికి కోసిన నీళ్ళ క్యాన్లు, పిడి పోయిన కుక్కరు, కొడుకు హెల్మెట్టు. ఆ హెల్మెట్టు పిల్లవాడి తలమీద ఉన్నదానికంటే పూలు మోసిందే ఎక్కువ. మట్టి సంగతిలో మాత్రం ఏసుమణి ఎవరి మాటా వినదు. మా నల్లరేగడి వేస్తే నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. వంకలోని ఇసుక రెండు పాళ్ళు, ఎర్రమన్ను ఒక పాలు, గొర్రెల ఎరువు పిడికెడు. డబ్బా అడుగున కాల్చిన చువ్వతో అయిదు బొక్కలు. కొమ్మ తుంచి గుచ్చడమే, వేరు అదే పట్టుకుంటుంది. పూసి అలిసిన కొసలను గిల్లిపారేస్తే ఒక్క కొసకు మూడు కొసలు వస్తాయి. ఆకు ముడతపడితేనే నీళ్ళు, అంతకుముందు పోయదు. ఆకలి కాకముందే పెడితే బిడ్డయినా చెట్టయినా చెడిపోతుందని ఆమె నమ్మకం.

ఇక అసలు కథ పత్తికొండలో మొదలైంది. స్తుతికి పెళ్ళి చీర కొనడానికి సుందరలక్ష్మి గారి బట్టల కొట్టుకు పోయాం. మూడు తరాలుగా వాళ్ళది అక్కడ వ్యాపారం. ఆ మధ్య ఆమె, భర్త కేశవయ్య కలిసి టమాటా మార్కెట్టుకు అవతల ఒక ఫంక్షన్ హాలు కట్టించారు. మూడంతస్తులు, ముందంతా బాల్కనీలు, పొద్దంతా ఎండ. ఆ బాల్కనీల్లో పెట్టిన మొక్క ఏదీ నెల దాటి బతకలేదని, చూసుకుంటామన్న మనుషులు కూడా నెల దాటి నిలవలేదని ఆమె చీరలు మడతపెడుతూ వాపోయింది. నా నోరు ఊరుకోదు కదా. ఏసుమణి గురించి చెప్పాను. కొంచెం ఎక్కువే చెప్పాను.

"చూడకుండా నేను మాట ఇయ్యను మహిమమ్మా" అంది సుందరలక్ష్మి. "పెండ్లికి వస్తా కదా, ఆమె పూలు పెట్టనీ, నా కండ్లతో చూస్తా. నచ్చితే బాల్కనీలన్నీ ఆమెకే అప్పజెప్తా. కానీ మనిషి ఏడాది పొడుగునా ఉండల్ల. నడమ నడమ యాడికో పోతానంటే నాకు కుదర్దు."

ఆ మాట మోసుకొచ్చి ఏసుమణికి చెప్పినప్పుడు ఆమె కొసలు గిల్లుతోంది. గిల్లడం ఆపింది.

"ఏడాది పొడుగునా అంటే, సుగ్గికి పోకుండానా?"

"పోకుండానే."

"లారీ ఎక్కకుండానా?"

"ఎక్కితే ఏడాది పొడుగునా ఎట్లవుతుంది?"

ఆమె మళ్ళీ గిల్లడం మొదలుపెట్టింది. ఈసారి అలిసిన కొసలతో పాటు రెండు నిండు మొగ్గలను కూడా గిల్లేసింది. అంతవరకు ఆమె చేతిలో అట్లాంటి పొరపాటు నేను చూడలేదు. పూలు మెప్పిస్తే వచ్చే జనవరిలో లారీ ఎక్కనక్కర్లేదు, మెప్పించకపోతే ఎక్కాలి. ఆ రోజు నుంచి అది మా స్తుతి పెళ్ళి కాకుండా పోయింది. ఏసుమణి పెళ్ళే అయింది.

కర్నూలు నుంచి పిలవాలనుకున్న అలంకరణ వాళ్ళను వద్దన్నాం. నలభై మూడు డబ్బాలు తయారు చేసింది మహాతల్లి. ఆ రోజు నుంచే ఒక వరసలో కొసలు గిల్లుతూ, పెళ్ళి రోజుకు అన్నీ ఒకేసారి మొగ్గ తొడిగేలా వేళ్ళమీద లెక్క వేసుకుంది. ఎండలు ముదిరేకొద్దీ ఊళ్ళో అందరూ మూలుగుతుంటే ఈమె ఒక్కతే ఆకాశం వైపు చూసి బాగుంది, బాగుంది అనేది. ఆరాధనలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమంటే పూల గురించి చెప్పింది. మా ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నా కూర్చోలేదు. నాకు కూడా ఆ పిచ్చి అంటుకుంది. పిలుపులకు పోయిన ప్రతి ఇంట్లో పెళ్ళికొడుకు చదువు గురించి చెప్పడం మరిచిపోయి పూల గురించి చెప్పి వచ్చాను.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం ట్రాక్టరులో డబ్బాలన్నీ చర్చికి తెచ్చాం. మా చర్చి దొరల కాలంలో కట్టింది. మూరన్నర మందం రాతి గోడలు, జానెడు కిటికీలు. నడివేసవిలో కూడా లోపలికి అడుగుపెడితే ఒళ్ళు చల్లబడుతుంది. ఊళ్ళో ఎండదెబ్బ తగిలిన వాళ్ళను ముందు అక్కడికే తెచ్చి పడుకోబెడతారు. ఏసుమణి ఆ చల్లదనాన్ని చూసి మురిసిపోయింది. పాపం, పుట్టినకాడి నుంచి ఎండలో మాడిన పూలు, పెళ్ళి పూటయినా సుఖపడనీ అంది. ప్రతి కిటికీకి రెండు, ప్రతి బెంచీ కొసకు ఒకటి, బలిపీఠం ముందు వరసగా పన్నెండు. నేల మీద తడి గోనెలు పరిపించింది. ఉన్న ఆరు ఫ్యాన్లూ వేయించింది. పెళ్ళికూతురికి ఎవరూ చేయని మర్యాద ఆ డబ్బాలకు జరిగింది. ఒక్క నీలం డబ్బా మాత్రం అడుగు చీలి వికారంగా ఉందని బయట బోరింగు దగ్గర వదిలేసింది.

అన్నీ ముడుచుకునే ఉన్నాయి. సాయంత్రం ముడుచుకుంటాయని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

పెళ్ళినాడు పులివెందుల నుంచి మగపెళ్ళివారి బస్సు తొమ్మిదికే దిగింది. అల్లుడు అరుణ్ కుమార్‌కు తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం. నల్ల కోటు, మెడకు టై. భూమి లోపల పనిచేసేవాడికి భూమ్మీద ఎండ ఒక లెక్కా అని మా ఊరి ఆడవాళ్ళు ఆటపట్టిస్తుంటే పాపం పిల్లవాడు చెమటలోనే నవ్వాడు. తొమ్మిదిన్నరకు చర్చి నిండింది. లోపల చల్లగా ఉండటంతో చుట్టాలంతా హాయిగా సర్దుకున్నారు. నేను ఎదురొచ్చిన వాళ్ళందరికీ, పదికి చూడండి, పదికి చూడండి అని చెప్పుకుంటూ తిరిగాను.

పది అయింది. పాటలు పాడేవాళ్ళు ఆపారు. చర్చిలో అంతమంది సిలువ వైపు కాకుండా కిటికీల వైపు చూడటం నేనెప్పుడూ ఎరగను. ఒక్క పువ్వూ కదల్లేదు.

పదీ అయిదు. గోడ గడియారం ముందు నడుస్తోందేమోనన్నాడు ఒక పెద్దమనిషి. నలుగురు ఫోన్లు తీసి చూసుకున్నారు. గడియారం సరిగ్గానే ఉంది. పదీ పది. మగపెళ్ళివారి వైపు నుంచి ఎవరో సన్నగా నవ్వారు. మా వియ్యపురాలు నా వైపు చూసింది. ఎనిమిదికి అయిపోవాల్సిన పెళ్ళి కదమ్మా అని ఆమె నోటితో అనలేదు. నాకు భూమి చీలితే అందులోకి దిగి అల్లుడి గనిలో దాక్కోవాలనిపించింది.

ఏసుమణి కొత్త ఆకుపచ్చ చీర కట్టుకుని బలిపీఠం పక్కన నిలబడి ఉంది. ఒక డబ్బా ముందు వంగి మొగ్గను వేలితో తాకింది. తర్వాత ఇంకో డబ్బా. తర్వాత నా దగ్గరకొచ్చింది.

"నేనేం తప్పు చేసినా అమ్మగారూ? సల్లంగ పెట్టినా. నీల్లు పోసినా. ఫ్యాన్లు ఏసినా. ఇంత బాగ నేను ఎప్పుడూ సూసుకోలేదు వాటిని."

"ఇంకో పది నిమిషాలు చూద్దాం."

"ఆమె పదిన్నరకు వస్తానన్నది గదా. వచ్చి ఏం సూస్తాది? గడ్డి." ఆమె గొంతు తగ్గింది. "ఇంగ లారీ ఎక్కేదే."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. పూల మీద, ఫ్యాన్ల మీద, పట్టుబట్టి పదిన్నర పెట్టించిన నా మీద. ఏసన్న బెంచీ మీద నుంచి లేచి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు వంటల దగ్గర నుంచి ఈరక్క వచ్చింది. మా ఊళ్ళో ఏ మతం పెళ్ళికయినా అన్నం వండే మనిషి. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడి, చర్చి అంతా వినబడేలా అడిగింది.

"ఏం మహిమమ్మా, పూసిన డబ్బాను బోరింగుకాడ పెట్టి, పూయని డబ్బాలన్నీ లోపల పెట్టినారే? అది మీ మతంలో పద్ధతా?"

ఏసుమణి ఆమె వైపు చూసింది. నేనూ చూశాను. తర్వాత ఇద్దరం ఎట్లా పరిగెత్తామో నాకు గుర్తులేదు. పెళ్ళికూతురి తల్లి పరిగెత్తకూడదని తర్వాత చాలామంది చెప్పారు.

బోరింగు పక్కన, మండే ఎండలో, అడుగు చీలిన నీలం డబ్బా నిండా పూలు. కనీసం యాభై. ఎరుపు, పసుపు, రాణీరంగు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆకు కనబడటం లేదు.

ఏసుమణి నడుము మీద చేతులు పెట్టుకుని దాన్నే చూసింది. తర్వాత తల ఎత్తి సూర్యుడి వైపు చూసింది. తర్వాత నెత్తి మీద ఠపీమని కొట్టుకుంది.

"గంట కాదమ్మగారూ, ఎండ. ఇవి గడియారం సూసి పూయవు, ఎండ సూసి పూస్తాయి. మా ఇంటికాడ నీడే ల్యాదు. ఇరవై రెండేండ్లు నాకేం తెలుస్తాది?"

నాకు నవ్వు ఆగలేదు. సుఖపెట్టాలని చూసినందుకు అలిగిన చెట్లను నేను మొదటిసారి చూశాను. ఆమెకూ నవ్వు వచ్చింది. ఇద్దరం బోరింగు పట్టుకుని నవ్వాం. తర్వాత చర్చిలోకి తిరిగి పరిగెత్తి, డబ్బాలన్నీ బయటికి, ఎండలోకి అని అరిచాను. ఇరవై ఏళ్ళుగా ఆ చర్చిలో ఎవరి మీదా గొంతు పెంచని మనిషిని.

ఆ తర్వాత జరిగింది చెబితే పులివెందులలో ఇప్పటికీ నమ్మరు, చూసినవాళ్ళు తప్ప. మా ఊరివాళ్ళు రెండేసి డబ్బాలు చంకలో పెట్టుకుని బయటికి నడిచారు. మగపెళ్ళివారు మొదట చూస్తూ కూర్చున్నారు. పెళ్ళికొడుకు కోటు విప్పి బెంచీ మీద పడేసి, బలిపీఠం ముందున్న పెద్ద డబ్బాను భుజానికెత్తుకున్నాడు. ఇంక వాళ్ళు మాత్రం ఎట్లా కూర్చుంటారు? సూట్లు వేసుకున్న మామలు, పట్టుచీరల అత్తలు, అందరూ తలా ఒక డబ్బా. టై కట్టుకున్న ఒక పెద్దాయన కుక్కరు మోసుకుపోతూ, ఇది వంటకా పెండ్లికా అని అడిగాడు. చర్చి ముందున్న బయలులో ఏసుమణి నిలబడి ట్రాఫిక్ పోలీసులా చేతులు చూపిస్తోంది.

"గోడ నీడ తగలకూడదు, ఇంకా ఇట్ల జరపండి. ఓయప్పా, నువ్వు నిలబడితే నీ నీడ పడతాంది, పక్కకు పో."

అన్నీ పెట్టాక రెండు వందల మందిమి చుట్టూ నిలబడి మొగ్గల వైపు చూశాం. ఎండ నెత్తి మాడుస్తోంది. ఎవరూ లోపలికి పోలేదు. పదిహేను నిమిషాలకు హెల్మెట్టులోని ఒక మొగ్గ కొస విడింది. ఒక పిల్ల చూసి కేక పెట్టింది. తర్వాత కుక్కరులో రెండు. తర్వాత లెక్క పెట్టడానికి వీల్లేకుండా అన్నిచోట్లా. ఇక్కడొకటి, అక్కడొకటి అని ముసలివాళ్ళు కూడా వేళ్ళు చూపిస్తున్నారు. మా వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుని, ఆ తెల్లది చూడొదినా, చూడొదినా అంటోంది. పాటలవాళ్ళు ఎవరూ అడక్కుండానే పాట ఎత్తుకున్నారు. పదకొండుకల్లా ఆ బయలంతా రంగులే.

అప్పుడు మా ఆయన బైబిలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"పూసినాయి గదా. ఇంగ లోపలికి తెండి, మొదలుపెడదాం."

అందరం ఏసుమణి వైపు చూశాం.

"నీడకు పోతే మల్లా ముడుసుకుంటాయేమో అయ్యగారూ" అంది ఆమె. "నాకు తెల్దు. తెల్దని నిజం చెప్తాండా."

స్తుతి తెల్ల చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లు దిగి, పూల నడుమకు పోయి నిలబడింది. అరుణ్ కుమార్ పోయి పక్కన నిలబడ్డాడు. మా ఆయన నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. ఆయన కూడా మెట్లు దిగారు.

మా ఆయన పెళ్ళి ప్రసంగం గురించి మీకు తెలియదు. ఏదెను తోటలో ఆదాము పక్కటెముక దగ్గర బయలుదేరి, కానా ఊరి పెళ్ళిలో కాసేపు ఆగి, ప్రకటన గ్రంథం చివరిదాకా పోతుంది. యాభై నిమిషాలకు తగ్గిన దాఖలా లేదు. ఆ రోజు ఆదాము నిద్రపోయేదాకా వచ్చారు. బట్టతల మీద చెయ్యి పెట్టుకున్నారు. తీశారు. "కాబట్టి ఒకరినొకరు ప్రేమించుకోండి, ఆమేన్" అన్నారు. ఆరు నిమిషాలు. సంఘ పెద్దలు ఏళ్ళ తరబడి చేసిన ప్రార్థనను పూలు ఆలకించాయి. ఆమేన్ అని రెండు వందల మంది అన్న ఊపుకు బోరింగు మీది కాకులు లేచిపోయాయి. ప్రమాణాలు కూడా అంతే, తాళి కూడా అంతే. కేకు మీది క్రీము మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా పళ్ళెంలోకి దిగిపోయింది, మేము దాన్ని గరిటెతో పంచాం.

ఈ సందడిలో సుందరలక్ష్మి గారు వచ్చిన సంగతి ఎవరూ చూడలేదు. నేను చూసేసరికి గొడుగు పట్టుకుని డబ్బాల మధ్య తిరుగుతోంది. పెళ్ళికి వచ్చిన మనిషి పెళ్ళికూతుర్ని వదిలేసి ఒక్కొక్క డబ్బా ముందు వంగి చూస్తోంది. కొమ్మ ఎత్తి కింద మట్టి చూసింది. అడుగున బొక్కలు చూసింది. ఏసుమణి రెండడుగుల దూరంలో వెనకే నడుస్తోంది, చేతులు కొంగులో చుట్టుకుని. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"మా బాల్కనీల్లో పొద్దంతా ఎండ కొడ్తాది. ఓర్చుకుంటాయా?" అని అడిగింది సుందరలక్ష్మి.

"ఎండ లేకపోతేనే ఓర్సుకోలేవమ్మా" అంది ఏసుమణి. "అది నాకు గూడా ఈ పొద్దే తెలిసింది. గంట ముందు వచ్చింటే ఒక్క పువ్వు సూసేదానివి కాదు. నీడలో పెట్టి అన్నిటినీ పాడు చేసుకుంటి."

నేను ఆమె చెయ్యి గిల్లాను. అడగని సంగతులన్నీ ఎందుకు చెప్పడం? నేను గిల్లిన చోట ఏసుమణి రుద్దుకుంది.

సుందరలక్ష్మి గొడుగు కింద నుంచి ఆమెను కాసేపు చూసింది. "మా హాల్లో స్టేజీ మీద గూడా పెట్టియ్యల్లని అనుకుంటి."

"స్టేజీ మీద పూయవు."

"సరే, అయితే బాల్కనీలకే. మొదటి తారీకు నుంచి వస్తావా?" అంది ఆమె. "ముందే చెప్తాండా, జనవరి, ఫిబ్రవరి, అన్ని నెలలూ ఉండల్ల. సుగ్గికి పోయి ఉగాదికి వస్తానంటే కుదర్దు."

ఏసుమణి జనవరి, ఫిబ్రవరి అని వేళ్ళు మడిచింది. బేరం పెడుతోందేమోనని సుందరలక్ష్మి నా వైపు చూసింది. నేను కళ్ళతో సైగ చేస్తున్నాను, ఒప్పుకో, ఒప్పుకో అని. ఏసుమణి నా సైగ చూడలేదు. నా వైపు తిరిగి, వేరే ఊరి గురించి అడిగినట్టు అడిగింది.

"అమ్మగారూ, ఫిబ్రవరిలో మనూర్లో ఎట్లుంటాది?"

ఎగతాళి చేద్దామని నోరు తెరిచాను. అప్పుడు లెక్క తట్టింది. ఆమె ఈ ఊరికి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఒక్క ఫిబ్రవరిని కూడా చూడలేదు.

"బాగుంటాది" అన్నాను. "శెనగచేలు కోస్తాంటారు. ఊరంతా పచ్చి శెనగల వాసన. చింతకాయలు పండుతాయి. ఏపచెట్లు ఆకు రాల్చి మల్లా చిగురేస్తాయి. ఎండ ఇట్ల కొట్టదు."

"పొద్దున చలిగా ఉంటాదా?"

"తెల్లవారుజామున శానా చలి. తలుపు తీయబుద్ధి కాదు."

ఆమె అన్నీ శ్రద్ధగా విని తల ఊపింది. తర్వాత సుందరలక్ష్మి వైపు తిరిగి, "వస్తానమ్మా, మొదటి తారీకే వస్తా" అంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, పెదవుల మీద నవ్వు ఉంది, రెండింటినీ ఆమె తుడుచుకోలేదు. కొంచెం దూరంలో ఖాళీ చెంబు చేతిలో పట్టుకుని నిలబడ్డ ఏసన్నను కేక వేసి పిలిచింది.

"యోవ్, వచ్చే సంతకు పోయి ఒక మంచి దుప్పటి కొనల్ల మనం."

"రెండుండాయి గదా" అన్నాడు ఏసన్న.

"అవి సుగ్గివి. ఇంటికి యాడుండాది?"